ఓపికను బట్టి డిస్క్

"నాకు డిస్కులు మార్చాల్సి వచ్చిందమ్మా" అని ఫోన్లో అన్నానో లేదో, అటు తెనాలిలో మా అమ్మ గొంతు మారిపోయింది. "ఎల్ ఫోరా, ఎల్ ఫైవా? ఆపరేషన్ అంటున్నారా?" మన ఇళ్లలో డిస్క్ అంటే ఒకటే, వెన్నుపూసల మధ్య ఉండేది. నేను చెప్పేది పార్కులో విసిరే ప్లాస్టిక్ డిస్కుల గురించి, నొప్పి మోచేతికి గానీ నడుముకు కాదు అని నచ్చజెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. అంతా విని ఆవిడ ఒకటే అడిగింది: "చెయ్యి నొప్పి పుడుతుంటే ఆట మానెయ్యాలి గానీ, విసిరే పళ్లెం మారిస్తే తగ్గుతుందేంట్రా?"

డిస్క్ గోల్ఫ్ ఆడేవాళ్ల మధ్య ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్న ఇదే. తేలిక డిస్క్ పట్టమని ఒకరు, చెయ్యి మార్చమని ఒకరు, అసలు తప్పు విసిరే తీరులో ఉంది గానీ డిస్కులో లేదని మరొకరు అంటారు. కంపెనీలు మాత్రం ప్రతి సమస్యకూ ఒక కొత్త డిస్క్ చూపిస్తాయి. ఆస్టిన్ ఎండల్లో పదకొండేళ్లుగా ఆడుతూ, అందులో మూడేళ్లు కుడి మోచేతి నొప్పితో ఆడినవాడిగా ఈ సలహాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, పనికొచ్చేవి కొన్నే మిగిలాయి.

ఆట తెలియనివారికి ముందు నాలుగు మాటలు. గోల్ఫ్‌లో బంతి, గుంత ఉంటాయి. ఇక్కడ డిస్క్, గొలుసులు వేలాడే ఇనుప బుట్ట ఉంటాయి. తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడిదే గెలుపు. వామ్-ఓ కంపెనీలో ఫ్రిస్బీకి ఆధునిక రూపం ఇచ్చిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశాడు. మరుసటి ఏడు పీడీజీఏ అనే ఆటగాళ్ల సంఘం పెట్టి, తన సభ్యత్వానికి ఒకటో నంబరు తీసుకున్నాడు. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోతపోశారు. మనం గోదావరిలో కలుపుతాం, వాళ్లు గాలిలో వదిలారు. అమెరికాలో చాలా కోర్సులు ఊరి పార్కుల్లోనే ఉంటాయి, టికెట్టు ఉండదు. రెండు డిస్కులు, ఒక నీళ్ల సీసా ఉంటే చాలు. వారాంతంలో క్రికెట్‌కి పదకొండుమందిని పోగేసే ఓపిక లేని నాలాంటివాళ్లు ఇటు జారుకోవడానికి అదే కారణం.

మొదట్లో అందరూ గుండ్రటి అంచు ఉన్న మామూలు ఫ్రిస్బీలే విసిరేవారు. 1983లో డేవ్ డ్యూనిపేస్ అంచును వాలుగా చెక్కి, గాలిని కోసుకుంటూ పోయే డిస్క్ తయారు చేశాడు. ఇన్నోవా కంపెనీ పుట్టుక అదే. అక్కడి నుంచి ఆట దూరం వైపు పరుగు తీసింది. అంచు ఎంత వెడల్పైతే డిస్క్ అంత వేగంగా వెళ్లగలదు. దగ్గర నుంచి బుట్టలో వేసే పుటర్ అంచు సుమారు ఒక సెంటీమీటరు ఉంటే, 2007లో వచ్చిన డిస్ట్రాయర్ లాంటి, దూరానికి విసిరే డ్రైవర్‌కు రెండు సెంటీమీటర్లు దాటుతుంది. పీడీజీఏ నిబంధన 2.6 సెంటీమీటర్ల దగ్గర గీత గీసింది. బరువుకూ గీత ఉంది: వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు. అంటే 21.2 సెంటీమీటర్ల డిస్క్ దాదాపు 176 గ్రాముల దగ్గర ఆగాలి. దుకాణంలో 170, 175 అని రాసి ఉండే డిస్కులన్నీ ఈ గరిష్ఠ గీతను ఆనుకుని ఉన్నవే. కనిష్ఠ బరువుకు మాత్రం గీత లేదు. గాయపడ్డవాడికి నిబంధనల పుస్తకం ఇచ్చిన వెసులుబాటు అది.

ఇక డిస్క్ మీద అచ్చువేసి ఉండే నాలుగు అంకెలు. మొదటిది స్పీడ్, 1 నుంచి 14 దాకా. రెండోది గ్లైడ్, 1 నుంచి 7 దాకా, డిస్క్ గాలిలో ఎంతసేపు తేలుతుందో చెబుతుంది. మూడోది టర్న్: కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరితే వేగంలో ఉండగా కుడికి ఎంత ఒరుగుతుందో. ఇది మైనస్ అంకె, మైనస్ 5 అంటే బాగా ఒరుగుతుంది. నాలుగోది ఫేడ్: వేగం తగ్గాక ఎడమకు ఎంత బలంగా పడిపోతుందో. డిస్ట్రాయర్‌కు ఇవి 12, 5, మైనస్ 1, 3. లెపర్డ్ అనే డిస్కుకు 6, 5, మైనస్ 2, 1. కుడికి సులభంగా ఒరిగేదాన్ని అండర్‌స్టేబుల్ అనీ, మొండిగా ఎడమకు లాగేదాన్ని ఓవర్‌స్టేబుల్ అనీ అంటారు.

అయితే ఈ అంకెలు ఎవరి చేతికోసం రాసినవన్నదే అసలు సంగతి. స్పీడ్ 12 అంటే ఆ డిస్క్ అంత వేగంగా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అంత వేగంగా విసరగలిగితేనే ఈ మిగతా మూడు అంకెలూ నిజమవుతాయని దాని అర్థం. గంటకు వంద కిలోమీటర్ల దరిదాపుల్లో వదలగలిగిన చేతికి డిస్ట్రాయర్ ముందు కాస్త కుడికి వంగి, తర్వాత ఎడమకు తిరిగి, అందమైన మెలికతో వెళ్తుంది. అదే నా చేతిలో, ముఖ్యంగా నొప్పి ఉన్న చేతిలో, కుడికి ఒరగడమన్నదే ఉండదు. వదిలిన కాసేపటికే ఎడమకు మళ్లి, పొదల్లోకి దూకుతుంది.

అప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఇంకొంచెం బలంగా విసురుతాడు. డిస్క్ కుడికి ఒరగడంలేదు గనక మోచేయి ముందే తెరిచి, మణికట్టును మెలిపెట్టి, భుజంతో నెట్టి దాన్ని బలవంతంగా తిప్పాలని చూస్తాడు. గాయం మొదలయ్యేది ఇక్కడే. గాయమయ్యాక చెయ్యి ఇంకా నెమ్మదిస్తుంది, అదే డిస్క్ ఇంకా మొండికేస్తుంది, అతను ఇంకా బలం పెడతాడు. నా మోచెయ్యి పాడైంది సరిగ్గా ఇలాగే. చేతికి మించిన డిస్క్ వల్ల దూరం పోవడం చిన్న సంగతి. అది తప్పుడు విసురును నేర్పి, ఆ తప్పును రోజుకు అరవైసార్లు చేయిస్తుంది.

వైద్యుల వైపు నుంచి చూస్తే ఈ ఆట మీద పరిశోధన తక్కువే. 2015లో ఆర్థోపెడిక్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఎనిమిది వందల పైచిలుకు ఆటగాళ్లను అడిగిన సర్వే ఒకటి వచ్చింది. ప్రతి అయిదుగురిలో నలుగురు ఆటవల్ల ఏదో ఒక గాయం అయిందన్నారు. మోచేయి, భుజం, వీపు, మోకాలు ముందు వరుసలో ఉన్నాయి. గాయం ఉన్నవాళ్లే ఇలాంటి ప్రశ్నలకు ఉత్సాహంగా జవాబిస్తారు గనక అయిదుకు నాలుగన్న లెక్కను కాస్త తగ్గించి చదువుకోవాలి. శరీరంలో ఏయే చోట్ల దెబ్బ తగులుతుందన్నది మాత్రం ఏ కోర్సు పార్కింగ్ స్థలంలో నిలబడి చూసినా తెలుస్తుంది. మోచేతికి పట్టీలు, మోకాలికి తొడుగులు, నడుముకు బెల్టులు కనిపిస్తాయి.

మనవాళ్లు ఏ నొప్పికైనా నరం పట్టేసిందంటారు. డిస్క్ గోల్ఫ్ మోచేతిలో పట్టేది నరం కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పగ్గం లాంటి టెండన్. బ్యాక్‌హ్యాండ్ విసిరేవాళ్లకు మోచేతి బయటివైపు నొస్తుంది, దానికి టెన్నిస్ ఎల్బో అని పేరు. ఫోర్‌హ్యాండ్ విసిరేవాళ్లకు లోపలివైపు నొస్తుంది, దాన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటారు. ఈ టెండన్ల దగ్గర వాపు కన్నా అరుగుదల ఎక్కువ. అందుకే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో వెంటనే హాయిగా ఉన్నా నిలవదు. 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన 198 మంది టెన్నిస్ ఎల్బో రోగులను మూడు జట్లు చేసింది. ఇంజెక్షన్ తీసుకున్నవారు ఆరు వారాలకు అందరికన్నా ముందున్నారు. ఏడాది తిరిగేసరికి వెనకబడ్డారు, చాలామందికి నొప్పి తిరగబెట్టింది. ఫిజియోథెరపీ చేసినవారూ, ఏమీ చేయకుండా జాగ్రత్తగా ఉన్నవారూ ఏడాది చివర ఇంచుమించు ఒక్కచోటే తేలారు. నాకూ ఒక ఇంజెక్షన్ పొడిచారు, అయిదో వారంలో నేను పార్కులో డ్రైవర్ విసురుతున్నాను. తర్వాతి కథ ఆ పరిశోధనలో రాసినట్టే నడిచింది. డిస్క్ మార్చుకోవడమన్నది ఈ లెక్కలో మందు కాదు, ప్రతి విసురులో టెండన్‌ మీద పడే భారాన్ని తగ్గించే ఏర్పాటు. అమ్మ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ దొరికింది: పళ్లెం మారిస్తే తగ్గదు, మార్చకపోతే మాత్రం పెరుగుతుంది.

సలహాల్లో అన్నిటికన్నా గట్టిగా వినిపించేది బరువు. నొప్పిగా ఉందనగానే "నూటయాభై గ్రాములది పట్టు" అంటారు. ఇన్నోవా వాళ్లు ప్లాస్టిక్‌లో సన్నటి గాలి బుడగలు కలిపి బ్లిజర్డ్ అనే రకంలో 130ల బరువు దాకా దించారు. మరీ తేలికవి నీళ్లమీద తేలుతాయి కూడా, చెరువు పక్క కోర్సుల్లో అదో లాభం. 175 నుంచి 150కి దిగితే బరువు ఏడో వంతు తగ్గుతుంది. అదే వేగానికి డిస్కుకు ఇవ్వాల్సిన శక్తీ అంతే తగ్గుతుంది. ఇక్కడిదాకా సలహా సబబే.

కానీ చెయ్యి బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మనిషి చెయ్యి మొత్తం ఒంటి బరువులో సుమారు ఇరవయ్యో వంతు. డెబ్భై కిలోల మనిషికి మూడున్నర కిలోలు. విసిరిన ప్రతిసారీ భుజం ఆ మూడున్నర కిలోలను పరుగెత్తించి, డిస్క్ వెళ్లిపోయాక వెనక్కి లాగి ఆపాలి. ఆపే క్షణంలో డిస్క్ చేతిలోనే ఉండదు, మరి దాని బరువు ఎంతైతే ఏం? కాబట్టి పాతిక గ్రాములు తగ్గిస్తే భుజానికి ఒరిగేది స్వల్పం. వేళ్లకూ, మణికట్టుకూ, ముంజేతికీ ఒరిగేది ఎక్కువ, ఎందుకంటే డిస్కును పట్టి నిలిపేది అవే. మోచేయి బయటివైపు నొప్పి ఉన్నవాడు తేలిక డిస్కుకు మారితే తేడా తెలుస్తుంది. భుజం కీలు నొప్పి ఉన్నవాడికి అంత తెలియదు. అతను నేర్చుకోవాల్సింది చేతిని బ్రేకు వేసి ఆపకుండా, ఒంటి చుట్టూ దానంతట అది తిరిగి ఆగేలా వదలడం. ఇంకో చిక్కుంది. తేలిక వస్తువు చేతిలోకి రాగానే మనిషి తెలియకుండానే ఇంకా జోరుగా విదిలిస్తాడు. తప్పించుకున్న భారం ఆ జోరులో తిరిగొచ్చేస్తుంది. పైగా టెక్సాస్, కాన్సాస్ లాంటి గాలి వీచే రాష్ట్రాల్లో ఎదురుగాలి లేచిందంటే 140 గ్రాముల డిస్క్ పెళ్లిలో ఎగిరిపోయిన విస్తరాకులా బోర్లాపడుతుంది. నేను మధ్యే మార్గం ఎంచుకున్నాను: 160 నుంచి 167 మధ్య.

బరువుకన్నా ముందు దించాల్సింది స్పీడ్. దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు, ఎందుకంటే స్పీడ్ అంకె మీద మగవాళ్ల పరువు వేలాడుతూ ఉంటుంది. 12 నుంచి 7కి దిగడమంటే బుల్లెట్ దిగి సైకిలెక్కినట్టు అనిపిస్తుంది. కొలిచి చూస్తే తెలిసేది వేరు. నొప్పి చేత్తో డిస్ట్రాయర్ నాకు అరవై మీటర్లకు కొంచెం అటూ ఇటూ, అదీ ఎడమవైపు పొదల్లో. అదే చేత్తో, సగం బలంతో, లెపర్డ్ అరవై అయిదు మీటర్లు తిన్నగా పోయింది. అంచు సన్నబడింది గనక వేళ్లు సులువుగా ముడుచుకుంటాయి, పట్టు సడలించినా జారదు. వేళ్ల కీళ్లలో ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు ఇదొక్కటే చాలు. వెడల్పు అంచును గుప్పిట్లో బిగించి పట్టుకోవడమే వాళ్లకు ఒక వ్యాయామం.

స్పీడ్ దించినప్పుడు పోయిన దూరాన్ని గ్లైడ్‌లో వెతుక్కోవాలి. లాటిట్యూడ్ 64 అనే కంపెనీ వాళ్ల రివర్ అంకెలు 7, 7, మైనస్ 1, 1. స్పీడ్ 7కి గ్లైడ్ 7 అంటే, వదిలాక పని అంతా గాలే చేస్తుంది. వాళ్లదే డైమండ్ 8, 6, మైనస్ 3, 1, కొత్తవాళ్ల కోసం తేలికపాటి బరువుల్లో వచ్చింది గానీ, నడివయసు మోచేతులు దాన్ని లాగేసుకున్నాయి. ఇన్నోవాలో లెపర్డ్, అలవాటయ్యాక రోడ్‌రన్నర్. మధ్య దూరానికి డిస్‌క్రాఫ్ట్ బజ్ ఎక్కడైనా దొరుకుతుంది, 5, 4, మైనస్ 1, 1, ఏ చేతికీ ద్రోహం చేయదు. అదే కంపెనీ కామెట్ ఇంకా మెత్తన. ఇవన్నీ అండర్‌స్టేబుల్, లేదా ఆ పక్కకు మొగ్గేవి. నీరసించిన చెయ్యి ఏ డిస్కునైనా దాని అంకెలకన్నా ఒక మెట్టు ఓవర్‌స్టేబుల్‌గా మార్చేస్తుంది. అంకెల్లో మైనస్ 2 ఉన్నది, పద్దెనిమిది బుట్టల ఆటలో పదహారో బుట్ట దగ్గరికి వచ్చేసరికి సున్నాలా ఎగురుతుంది. అందుకని మొదటి బుట్ట దగ్గర ఉన్న చేతికి కాకుండా పదహారో బుట్ట దగ్గర ఉండబోయే చేతికి డిస్క్ కొనుక్కోవాలి.

అలాగని సంచిలో ఉన్న ఓవర్‌స్టేబుల్ డిస్కులన్నీ పంచిపెట్టేయమని కాదు. ఫైర్‌బర్డ్ లాంటిది ఒకటి ఉంచుకోవాలి, ఎదురుగాలికీ, చెట్టు చుట్టూ తిప్పాల్సినప్పుడూ. దాన్ని దూరానికి వాడకూడదు, అంతే.

ప్లాస్టిక్ అనగానే దుకాణాల్లో దాని మన్నిక గురించే మాట్లాడతారు. గాయపడ్డవాడు అడగాల్సింది పట్టు గురించి. ఇన్నోవా చాంపియన్ ప్లాస్టిక్ గట్టిది, నున్నటిది, ఏళ్లకేళ్లు చెక్కుచెదరదు. కానీ చెమట చేతిలో జారుతుంది, జారకుండా బిగించాలి, బిగిస్తే ముంజేతి కండరం లాగుతుంది. స్టార్ ప్లాస్టిక్‌కు కాస్త బంక గుణం ఉంది. చవకైన డీఎక్స్ ప్లాస్టిక్ పట్టుకు ఇంకా బాగుంటుంది, అయితే చెట్లకు తగిలి తొందరగా అరుగుతుంది. ఇక్కడో తమాషా ఉంది: అరిగిన డిస్క్ అండర్‌స్టేబుల్ అవుతుంది. బడాయిగా కొన్న కొత్త డిస్క్ మొండిగా ఉంటే, రెండేళ్లు చెట్లకు కొట్టుకున్న అదే డిస్క్ చింతచిగురులా మెత్తబడి ఉంటుంది. అందుకే నొప్పి ఉన్నవాళ్లు కొత్తవాటి వరుస వదిలేసి, దుకాణం మూలన ఉండే పాత డిస్కుల పెట్టె దగ్గర కూర్చోవాలి. ఎవరో విసిరి విసిరి మెత్తబరిచి పెట్టిన డిస్క్ సగం ధరకు దొరుకుతుంది. వెనక ఆయన పేరు, ఫోన్ నంబరు రాసి ఉంటాయి, అది వేరే సంగతి.

చెయ్యి మార్చడం, విసురు మార్చడం అనేవి ఇంకో పాయ. బ్యాక్‌హ్యాండ్ నొస్తే ఫోర్‌హ్యాండ్‌కు మారమంటారు. ఫోర్‌హ్యాండ్ మనకు కొత్తదేం కాదు. చెరువు గట్టున పెంకు తీసుకుని నీళ్లమీద కప్పగంతులు వేయించిన ప్రతివాడూ అది విసిరినవాడే. కానీ అది మోచేతి లోపలివైపు స్నాయువును పక్కకు లాగే విసురు, బేస్‌బాల్ పిచ్చర్ల మోచేతులు పాడయ్యేది ఆ వైపే. బయటి నొప్పి తప్పించుకుని లోపలి నొప్పి తెచ్చుకున్నవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. తల మీదుగా విసిరే టొమహాక్, థంబర్ భుజానికి ఇంకా చెడ్డవి. ఎడమచేత్తో నేర్చుకోవడం మాత్రం నాకు నచ్చిన దారి. డిస్క్ అంకెలు మారవు, ఎగిరే దిక్కు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఎడమచెయ్యికి ఏ చెడు అలవాటూ లేదు, అహంకారం అసలే లేదు. దానికి పుటర్ ఇచ్చి ముప్పై మీటర్లు విసరమంటే బుద్ధిగా విసురుతుంది. కుడిచేతికి చెప్పి చూడండి.

మోకాలు, చీలమండ, నడుము నొప్పులకు డిస్క్ ఎంపిక కన్నా అడుగుల ఎంపిక ముఖ్యం. విసిరే ముందు మూడు నాలుగు అడుగులు పక్కకు వేస్తూ పరుగు తీసి, ముందుకాలి మీద గిరుక్కున తిరుగుతారు. సిమెంటు దిమ్మ మీద బూటు పట్టుకుపోతే, పాదం ఆగి మోకాలు తిరుగుతుంది. నిలబడి విసిరితే ఈ బాధ లేదు. దూరంలో కొంత పోతుంది, కచ్చితత్వంలో కొంత వస్తుంది. నిలబడి విసిరేవాడికి స్పీడ్ 9 పైన దాదాపు ఏదీ అక్కర్లేదు. ఇక నడుము సంగతి. పద్దెనిమిది బుట్టలకు అరవై సార్లు విసిరితే అరవైసార్లు వంగి తీయాలి. కొందరు కర్ర చివర కొక్కెం కట్టుకుని తీసుకుంటారు, నవ్వే కుర్రాళ్లు నవ్వుతారు. ఇరవై డిస్కుల సంచిలో డిస్కుల బరువే మూడున్నర కిలోలు, నీళ్లూ తువ్వాలూ కలిపితే ఆరు ఏడు. దాన్ని భుజాన వేసుకుని నాలుగైదు కిలోమీటర్లు నడిచి, ఆ భుజంతోనే విసరాలి. అయిదు డిస్కులు ఎనిమిది వందల గ్రాములు. భుజానికి మందు కావాలంటే ముందు ఈ తీసివేత చేయాలి.

ఇంతవరకూ చెప్పింది గాయం. అలసట వేరే జాతిది. గాయానికి ఒక చోటుంటుంది, వేలు పెట్టి చూపించవచ్చు. అలసటకు చోటు లేదు, ఎదుటివాడు నమ్మడు. 2016, 2017లలో వరుసగా ప్రపంచ చాంపియన్ అయిన రికీ వైసాకీ 2019లో తనకు లైమ్ జబ్బు ఉందని బయటపెట్టాడు. అడవుల్లో, గడ్డిలో ఉండే పిడుదులు కుడితే వచ్చే జబ్బు అది, మనిషిని ఒళ్లు నొప్పులతో, నిస్సత్తువతో కూలేస్తుంది. డిస్క్ పొదల్లో పడితే వెతుక్కుంటూ దూరే ఆటలో పిడుదులు కుట్టడం పెద్ద వింత కాదు. ప్రపంచ చాంపియన్ నోటి నుంచి ఆ మాట వచ్చాక అలసట గురించి మాట్లాడటం ఈ ఆటలో కొంచెం సులువైంది.

కోవిడ్ తర్వాత తగ్గని నీరసం, ఫైబ్రోమయాల్జియా, దీర్ఘకాలిక అలసట జబ్బు ఉన్నవాళ్లు ఈ ఆటకు వస్తున్నారు, ఎందుకంటే ఇందులో పరుగు లేదు, ప్రత్యర్థి మీదపడడు, ఎక్కడైనా ఆపి ఇంటికి పోవచ్చు. వీళ్లకు "రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పో" అనే సలహా ఇచ్చేవారు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక అలసట జబ్బుకు ఆ పద్ధతిని పక్కన పెట్టింది. శక్తికి లోబడి పని చేయడం, హద్దు దాటకముందే ఆగడం అన్నదే ఇప్పటి మాట. ఈ జబ్బులో దెబ్బ ఆడుతున్నప్పుడు తెలియదు, ఒకరోజు, రెండు రోజులు ఆగి పడగొడుతుంది. కాబట్టి శనివారం బాగుందని పద్దెనిమిది బుట్టలూ ఆడినవాడు సోమవారం మంచం దిగలేడు. తొమ్మిదితో ఆపాలి, బాగున్న రోజు కూడా.

అలసట ఉన్నవాడి సంచిలో మూడు డిస్కులు చాలు: ఒక పుటర్, ఒక బజ్ లాంటిది, ఒక లెపర్డ్ లాంటిది. బరువు తగ్గుతుందన్నది చిన్న కారణం. పెద్ద కారణం తల. విసిరే వంతు వచ్చాక ముప్పై సెకన్లలో విసరాలని నిబంధన. ఆ ముప్పై సెకన్లలో ఇరవై డిస్కుల మధ్య ఎంచడం నీరసించిన బుర్రకు ఒక పరీక్ష. పద్నాలుగో బుట్ట దగ్గర ఎందుకు ఓడుతున్నామంటే చెయ్యి అలిసి కాదు, నిర్ణయాలు చేసి చేసి బుర్ర అలిసి, తప్పు డిస్క్ తీసి, ఆ తప్పును బలంతో దిద్దబోయి. మన భాషలో శక్తికీ సహనానికీ ఓపిక అని ఒకే మాట ఉండటం ఊరికే కాదు, ఒకటి అయిపోయేసరికి రెండోదీ అయిపోతుంది. ఎండకాలం ఆస్టిన్‌లో నలభై డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం అయితే రెండూ ఏడో బుట్టకే ఖాళీ.

పుటింగ్ దగ్గర ఒక్క మాట. మణికట్టు తిప్పి వేసే స్పిన్ పుట్ ముంజేతిని వాడుకుంటుంది. కాళ్లతో ఊగి నెట్టే పుష్ పుట్ మోకాళ్లను వాడుకుంటుంది. ఏది నొప్పో దాన్ని బట్టి రెండోదానికి మారాలి. పుటర్ పోల్‌క్యాట్ అయినా ఏవియార్ అయినా ఒకటే, చేతిలో హాయిగా ఉంటే చాలు. ఇక్కడ అంకెల జోలికి పోనక్కర్లేదు.

ఇంత చెప్పాక కూడా నొప్పి చేత్తో స్పీడ్ 13 బాస్ విసిరేవాళ్లకు ఒక పాత లెక్క. కెన్ క్లైమో పన్నెండుసార్లు ప్రపంచ చాంపియన్. 1990 నుంచి 1998 దాకా వరుసగా తొమ్మిది, తర్వాత 2000, 2002, 2006. ఆయన పన్నెండోది గెలిచేనాటికి డిస్ట్రాయర్ ఇంకా దుకాణంలోకి రాలేదు. ఆయన సంచిలో పేరుపడ్డ రాక్ స్పీడ్ 4. ఒకవైపు 2016లో డేవిడ్ విగ్గిన్స్ నెవాడా ఎడారిలో గాలివాటున 338 మీటర్లు విసిరి రికార్డు పెట్టాడు, దాన్ని చూసి మన పార్కులో డెబ్భై మీటర్ల బుట్టకు స్పీడ్ 14 కొనేవాళ్లూ ఉన్నారు. ఆ రికార్డు గొప్పదే. మన బుట్ట మాత్రం డెబ్భై మీటర్ల దూరంలోనే ఉంది.

కాబట్టి నా తీర్పు ఈ వరుసలో ఉంటుంది. ముందు స్పీడ్ దించండి, ఏడు దరిదాపులకు. తర్వాత డిస్కుల సంఖ్య, ఆ తర్వాత బరువు. ప్లాస్టిక్ పట్టుకు లొంగాలి. కొత్తది కొనేముందు పాత పెట్టె వెతకండి. ఏది విసిరినా నొప్పి మర్నాటి ఉదయానికి ఎక్కువైందంటే ఆ డిస్క్ మీది కాదు, లేదా ఆ రోజు మీది కాదు. మూడు నెలలు ఇలా ఆడినా నొప్పి తగ్గకపోతే, రాత్రి నిద్ర లేపుతుంటే, చేతికి తిమ్మిరి ఎక్కుతుంటే, దుకాణం దారి వదిలి ఫిజియోథెరపిస్ట్ దగ్గరకు వెళ్లండి.

మొన్న ఆదివారం ఎడమచేత్తో, 165 గ్రాముల పాత లెపర్డ్‌తో తొమ్మిది బుట్టలు ఆడాను. నిర్ణీత విసుర్ల లెక్క, అంటే పార్ కన్నా నాలుగు ఎక్కువ. సోమవారం మోచెయ్యి నొప్పెట్టలేదు. అమ్మకు ఫోన్ చేసి చెబితే, "మరి మిగతా పద్దెనిమిది పళ్లేలు ఏం చేశావు?" అంది. అమ్మకానికి పెట్టాను. ఆస్టిన్ చుట్టుపక్కల ఎవరికైనా, ఇరవై అయిదేళ్ల లోపు, మంచి మోచెయ్యి ఉన్నవాళ్లకు కావాలంటే చెప్పండి.